తాళంకప్ప నోరు విప్పిన పూట

ఆయన అసలు పేరు వీధిలో సగం మందికి తెలియదు. సెలూన్ బోర్డు మీద రాయించిన పేరు ఎండకి ఎప్పుడో వెలిసిపోయింది. అందరికీ ఆయన తాళంకప్ప. ఆ కుర్చీలో కూర్చుని మెడచుట్టూ గుడ్డ కట్టించుకున్నవాడు ఏం చెప్పుకున్నా సరే, అది ఆ గడప దాటేది కాదు. ఒక గోడ కోసం కోర్టుకెక్కిన అన్నదమ్ములిద్దరూ ఆయన దగ్గరే గెడ్డం గీయించుకునేవాళ్లు. అన్న పొద్దున వచ్చి తమ్ముణ్ణి తిట్టేవాడు, తమ్ముడు సాయంత్రం వచ్చి అన్నని తిట్టేవాడు. ఇటు మాట అటు పోయిందా అంటే, ఆహా! మేడమీది పెద్దమనిషి నెత్తిన ఉన్నది విగ్గని కట్టుకున్న భార్యకంటే ముందు తాళంకప్పకే తెలుసు. ఆ పెద్దమనిషి గుండెల మీద చెయ్యేసుకుని నిద్రపోయేవాడు.

సెలూన్‌లో రెండో కుర్చీ బావమరిదిది. ఆయనకి పూర్తిగా ఆపోజిట్టు. నోట్లో నువ్వుగింజ నానదు. "బావా, నీ కడుపు ఏదో ఒకరోజు పగులుతుంది, ఇన్ని రహస్యాలు ఎక్కడ దాస్తావు?" అని ఆట పట్టించేవాడు. "నీ కడుపులో ఖాళీ ఎక్కువ, నా కడుపులో చోటెక్కువ" అని ఈయన కత్తి నూరుకుంటూ నవ్వేవాడు. వేళాకోళానికి పెట్టిన పేరే అయినా, ఆ పేరంటే ఆయనకి లోలోపల గర్వం. మనిషికి ఏదో ఒక దానిమీద గర్వం ఉండాలిగా. ఆయనకి దీనిమీద ఉంది.

ఆ గర్వాన్నే పట్టుకున్నాడు ఫోన్‌లో వచ్చినవాడు. వాడి నాలుక తెగ!

భార్య చెల్లెలింటికి వెళ్లిన సమయం అది. ఈయన సెలూన్‌కి బయల్దేరుతూ చెప్పుల్లో కాళ్లు పెడుతున్నాడు, ఫోన్ మోగింది. తెర మీద యూనిఫాం వేసుకున్న మనిషి, ముందు బల్ల, వెనక గోడకి పెద్ద ముద్ర. "పెద్దాయనా, మీ పేరు మీద వెళ్లిన పార్సిల్‌లో మత్తుమందు దొరికింది. మిమ్మల్ని అరెస్టు చేస్తున్నాం. ఫోన్ ఆపకూడదు. గది దాటకూడదు" అన్నాడు. ఈయన జన్మలో ఎవరికీ ఒక పొట్లం కూడా పంపిన మనిషి కాదు. అయినా ముచ్చెమటలు పోశాయి. తప్పు చేసినవాడైతే ఎదురు ప్రశ్న వేసేవాడేమో, ఈయన మాత్రం "బాబూ, బాబూ" అంటూ నిలబడిపోయాడు.

అప్పుడన్నాడు వాడు: "ఇది రహస్య విచారణ. భార్యకి కూడా చెప్పకూడదు. మీరు నోరు జారితే మాకూ ప్రమాదమే. మీ మీద నమ్మకంతో చెబుతున్నాం." ఇంకొకరైతే ఆ మాట దగ్గరే అనుమానపడి ఉందురేమో. ఎవరికీ చెప్పొద్దని అన్నవాడు దొంగ అయి ఉంటాడని చిన్నపిల్లలకి కూడా తెలుసు. కానీ ఈయన బతుకంతా ఎవరికీ చెప్పొద్దన్న మాట మీదే నడిచింది. నమ్మి చెప్పిన మాట దాచడమే ఈయన మర్యాద. ఆ భయంలో కూడా, సరైన మనిషి దగ్గరికే వచ్చారు అనుకున్నాడట. చెబితే నవ్వొస్తుంది, తలుచుకుంటే ఏడుపొస్తుంది.

బావమరిదికి ఒక్క మాట చెప్పనిమ్మని బతిమాలితే, "ఒంట్లో బాగాలేదు, ఆస్పత్రికి వెళ్తున్నానని చెప్పు" అని వాడే నేర్పాడు. ఈయన అలాగే చెప్పాడు. రెండు రోజులు తలుపేసుకుని ఫోన్ ముందు కూర్చున్నాడు. స్నానాల గదికి వెళ్లాలన్నా వాణ్ణి అడిగి వెళ్లాడు. ఆఖరికి, "మీ డబ్బు మంచిదో దొంగదో పరీక్షించి తిరిగి వేస్తాం" అంటే బ్యాంకులో ఉన్నదంతా వాడు చెప్పిన ఖాతాకి పంపేశాడు. అది ఆయనొక్కడి డబ్బు కాదు. భార్యకి మోకాళ్ల నొప్పులు. మూడో అంతస్తు మెట్లెక్కలేక మెట్టుమెట్టుకీ కూర్చుంటుంది. నేలమీద ఉండే ఇల్లు తీసుకుందామని ఇద్దరూ కలిసి దాచుకున్నది అది.

డబ్బు వెళ్లింది, ఫోన్ ఆగింది. తిరిగి చేస్తే ఆ నంబరు లేదు. అప్పుడు తెలిసింది ఆయనకి. తెలిసిన ఆ గంటలోనే పరుగెత్తి బ్యాంకుకి చెప్పినా, పోలీసులకి చెప్పినా, కొంతైనా ఆగేదేమో. చెప్పలేదు! తేలు కుట్టిన దొంగలా నోరు మూసుకున్నాడు. దొంగతనం చేసింది ఇంకొకడు, తేలు కుట్టింది ఈయన్ని. అయినా సిగ్గు ఈయనకే. ఇన్నేళ్లూ వీధి మొత్తం నమ్మిన మనిషిని ఒక ముక్కూమొహం తెలియనివాడు పసివాణ్ణి చేసి ఆడించాడంటే, రేపు ఈ కుర్చీలో ఎవడు తల పెడతాడు అనుకున్నాడు.

భార్య వచ్చింది. "ఆస్పత్రికి వెళ్లారట, డాక్టరేమన్నాడు?" అని అడిగింది. "ఏం లేదులే" అన్నాడు. ఆ తర్వాత మింగలేక కక్కలేక నెలలు గడిచాయి. అన్నం సహించేది కాదు. చొక్కా భుజాల మీంచి జారుతోంది. ఒకటి మాత్రం మేలయిందనుకున్నాడు, ఆవిడ గొడవపడటం మానేసింది. తువ్వాలు మంచం మీద పడేసినా తిట్టదు. కూర ఆయనకే ఎక్కువ వేస్తుంది. ఇల్లు మారే మాట ఎత్తడమే మానేసింది. హమ్మయ్య, కనిపెట్టలేదు అనుకున్నాడు వెర్రిబాగులాయన.

ఇలా ఉండగా ఒక ఉదయం సెలూన్‌కి బస్సు డ్రైవర్ వచ్చాడు. రిటైరై చాలా కాలమైనా అందరూ డ్రైవర్ అనే పిలుస్తారు. ఇద్దరూ ఒక బడిలో గోలీలాడుకున్నవాళ్లు. ఆయన వచ్చాడంటే లోపలున్నవాళ్లు ఇంకొక మాట మాట్లాడటానికి సందుండదు. అలాంటిది ఆ రోజు ఇస్త్రీ చొక్కా వేసుకుని, మాటా పలుకూ లేకుండా వచ్చి కుర్చీలో కూర్చున్నాడు. గెడ్డం గీయమన్నట్టు చెంప చూపించాడు.

"ఏరా, పెళ్లిచూపులా?" అన్నాడు తాళంకప్ప, సబ్బు పూస్తూ.

డ్రైవర్ పెదాల మీద వేలు పెట్టుకున్నాడు. కళ్లు చొక్కా జేబు వైపు వెళ్లాయి. జేబులో ఫోన్ వెలుగుతోంది, కాల్ నడుస్తోంది. నురగ కింద మెడ మీద నరం ఎగిరిపడుతోంది. తాళంకప్ప చేతిలో కత్తి ఆగింది. తన మెడ కూడా అలాగే కొట్టుకుంది ఆ రెండు రోజులూ.

ఆయన వంగి చెవిలో అడిగాడు. "ఎవరికీ చెప్పొద్దన్నారా?"

డ్రైవర్ కళ్లల్లో నీళ్లు తిరిగాయి. ఫోన్ ఉన్న జేబుని అరచేత్తో మూసి, గుసగుసగా అన్నాడు. "కాసేపట్లో జడ్జిగారి ముందు హాజరవ్వాలిరా, ఫోన్‌లోనే. మాసిన గెడ్డంతో కనపడితే నిజంగా దొంగనే అనుకుంటారు. అది కాగానే బ్యాంకుకి వెళ్లాలి. త్వరగా కానీ."

గెడ్డం! పరువైన మనిషిలా కనపడాలని దొంగ జడ్జి కోసం గెడ్డం గీయించుకోవడానికి వచ్చాడు పాపం.

"ఒరేయ్, అది మోసం. పోలీసులు ఫోన్‌లో అరెస్టు చేయరు" అన్నాడు తాళంకప్ప.

"నువ్వు పేపర్‌లో చదివింది వేరు, ఇది వేరు. నా పేరు, ఇంటి నంబరు అన్నీ చెప్పారు. కాగితం చూపించారు, ముద్ర ఉంది. నీకేం తెలుసురా, తల పట్టుకుని కత్తిరించేవాడివి!" డ్రైవర్ గుడ్డ విప్పేసుకుని లేచాడు. సగం చెంప నున్నగా, సగం చెంప నురగతో. గుమ్మం వైపు నడిచాడు.

తాళంకప్ప వెళ్లి గుమ్మానికి అడ్డంగా నిలబడ్డాడు. బెంచీ మీద ఇద్దరు కూర్చుని ఉన్నారు. బావమరిది చేతిలో దువ్వెనతో నోరు తెరుచుకుని చూస్తున్నాడు. ఆ నోట్లో పడితే సాయంత్రానికి వీధంతా, భోజనాల వేళకి ఇంట్లో ఆవిడకి. ఆ సంగతి తాళంకప్పకి తెలుసు. ఎవరికీ అందకుండా చెప్పే దారి కోసం ఒక్క క్షణం వెతుక్కున్నాడు. కానీ డ్రైవర్ అప్పుడే భుజంతో నెట్టుకుని పోతున్నాడు.

"నాకు తెలుసురా!" అని అరిచాడు. ఆయన అరవడం ఎవరూ విని ఎరగరు. "నాదంతా పోయిందిరా. ఇదే మాట, ఇదే ముద్ర. ఆస్పత్రికి వెళ్లానని అబద్ధం చెప్పి, గదిలో తలుపేసుకుని కుక్కిన పేనులా కూర్చున్నాను. బాత్‌రూమ్‌కి వెళ్లడానికి కూడా పర్మిషన్ అడిగాను, తెలుసా? నా పెళ్లాం మోకాళ్ల కోసం దాచుకున్న డబ్బు నా చేత్తోనే నొక్కి పంపాను. ఒక్కడికి, ఒక్కడంటే ఒక్కడికి చెప్పుంటే ఆగేవాణ్ణి. చెప్పలేదు. సిగ్గుపడ్డాను."

డ్రైవర్ జేబులోంచి గొంతు వినిపించింది. "ఎవరక్కడ? ఎవరితో మాట్లాడుతున్నారు?"

"విన్నావా?" అన్నాడు తాళంకప్ప, ఈసారి నెమ్మదిగా. "ఇప్పుడు ఒంటరిగా గదిలోకి వెళ్లి తలుపేసుకోమంటాడు చూడు. లేకపోతే ఇంటి మీదికి బండి వస్తుందంటాడు."

"వెంటనే ఒంటరిగా ఏదైనా గదిలోకి వెళ్లి తలుపు వేసుకోండి" అంది ఫోన్. "లేకపోతే మా బండి మీ ఇంటికి వస్తుంది, వీధిలో పరువు పోతుంది."

గొంతు వేరు, మాటలు అవే. డ్రైవర్ ఫోన్ బయటికి తీశాడు. నురగ అంటిన బొటనవేలితో కాల్ కట్ చేశాడు. మళ్లీ మోగింది. కట్ చేశాడు. మళ్లీ మోగింది. బావమరిది ఫోన్ లాక్కుని ఆ నంబరుని బ్లాక్ చేసి, డ్రైవర్ చేతే బ్యాంకుకి చెప్పించి ఆయన ఖాతా ఆపించాడు. అందరూ కలిసి డ్రైవర్‌ని కుర్చీలో కూర్చోబెట్టారు. ఆయన చిన్నపిల్లాడిలా వెక్కివెక్కి ఏడ్చాడు. తాళంకప్ప ఆయన మిగిలిన చెంప గీసి, మొహం తుడిచి, పద అన్నాడు.

ఇద్దరూ స్టేషన్‌కి వెళ్లారు. అక్కడ ఫోన్ మోసాలు చూసే అమ్మాయి ఇద్దరి మాటా రాసుకుంది. డ్రైవర్‌కి పోయిందేమీ లేదు, ఆయన డబ్బు పంపనేలేదు. తాళంకప్పతో మాత్రం కాస్త ఆగి చెప్పింది. "చాలా ఆలస్యమైందండీ. ప్రయత్నిస్తాం. అదే రోజు వచ్చుంటే ఆశ ఉండేది." ఆమె ఆ మాట మెత్తగానే అంది. ఆయన తలూపాడు.

బావమరిది నోటికంటే ముందు తానే ఇంటికి చేరాలని ఆయన మెట్లు గబగబా ఎక్కాడు. భార్య వంటింట్లో పీట వేసుకుని కూరగాయలు తరుగుతోంది. ఎండవేళ ఆయన గుమ్మంలో కనిపించేసరికి ఆవిడ చేతిలో కత్తి ఆగిపోయింది. మోకాళ్లు పట్టుకుని లేవబోయి లేవలేక అక్కడే కూర్చుండిపోయింది. మొహంలో నెత్తురు చుక్క లేదు.

"చెప్పేయండి" అంది. "నేను తట్టుకుంటాను. ఎన్నాళ్లని చెప్పాడు?"

"ఎవరు?"

"డాక్టరు."

ఆయనకి అర్థం కాలేదు. "ఏ డాక్టరూ లేడే. నేను ఆస్పత్రికే వెళ్లలేదు. ఆ రోజు ఫోన్‌లో నన్ను మోసం చేశారు. మన డబ్బు పోయింది. ఇంటి కోసం దాచుకున్నది, మొత్తం పోయింది. నీకు చెప్పలేకపోయాను."

ఆవిడ చేతిలో కత్తి పక్కన పెట్టింది.

"డబ్బేనా?" అంది. "పోయింది డబ్బేనా?"

ఆయన తలూపాడు. ఆవిడ రెండు చేతులతో ఆయన చొక్కా పట్టుకుని కిందికి లాగి, గుండె మీద గుద్దడం మొదలుపెట్టింది.

"మీ గుట్టు మండిపోను! డబ్బు పోతే పోయిందని చెప్పొద్దూ? చిక్కిపోతున్నారు, తినరు, అడిగితే ఏం లేదంటారు. లేకపోవడమేంటి, అంత పెద్ద జబ్బు కాబట్టే దాస్తున్నారనుకున్నాను. మీరు చెప్పేదాకా అడగకూడదని నోరు కట్టేసుకున్నాను. రోజూ మీరు నిద్రపోయాక, ముక్కు దగ్గర వేలు పెట్టి ఊపిరి ఆడుతోందో లేదో చూసుకుంటున్నానండీ!"