గొలుసు ప్రార్థనలో నా వంతు

కాలి చెప్పు ఊడిపోయిన సంగతి నాకు తెలియలేదు. పొద్దుటి నుంచీ మామిడికాయల షెడ్డులో గొంతుక్కూర్చుని కాయలు ఏరి, సాయంత్రం ఇంటికి నడిచి వస్తున్నాను. వెనకాల వస్తున్న మా పక్కింటి వెంకాయమ్మ కేకేసింది.

"ఏమే కరుణా, ఒంటి చెప్పుతో పోతున్నావేంటే?"

చూసుకుంటే నిజమే. ఎడమ కాలికి చెప్పు లేదు. కింద మట్టి తగులుతున్నట్టు కూడా లేదు. వెంకాయమ్మ ఆ చెప్పు తెచ్చి నా ముందు పడేసి, "ఈ వయసుకే మతిమరుపా తల్లీ" అని నవ్వింది. నేనూ నవ్వేశాను. రోజంతా అలా కూర్చుంటే తిమ్మిర్లు ఎవరికి రావు? పైగా అంతకు రెండు వారాల ముందే విరేచనాలు, జ్వరం వచ్చి తగ్గాయి. ఆ నీరసమే అనుకున్నాను.

మాది నూజివీడు దగ్గర చిన్న ఊరు. మా ఆయన దాసు అంతకు ముందు ఏడాది వానాకాలంలో పచ్చకామెర్లతో పోయాడు. ఆయన కోసం మా చర్చి మొత్తం ఉపవాస ప్రార్థన పెట్టింది. అందరిలోకీ గట్టిగా అడిగింది నేనే. బాగయిపోతాడని నాకు గట్టి నమ్మకం. అయినా పోయాడు. ఆ రోజు నుంచి నేను దేవుడితో మాట్లాడటం మానేశాను. ఆదివారం చర్చికి వెళ్ళేదాన్ని, పాటలకి పెదాలు కదిపేదాన్ని, అదీ మా అత్తయ్య ఊరుకోదని. లోపల మాత్రం కటీఫ్.

మా అత్తయ్య పేరు దీవెనమ్మ. పోయినవాడు ఆవిడకి ఒక్కగానొక్క కొడుకు. మాకు పిల్లల్లేరు. ఇంట్లో మిగిలింది మేమిద్దరం, ఒక గేదె.

చెప్పు ఊడిన మర్నాడు మోకాళ్ళు సడలిపోయినట్టయ్యాయి. అత్తయ్య ఆముదం వెచ్చబెట్టి కాళ్ళకి మర్దనా చేసింది. ఊళ్ళో ఆర్.ఎం.పి. డాక్టరు వచ్చి, "నరాల నీరసం అమ్మా, బి-కాంప్లెక్స్ పడితే లేచి పరిగెడుతుంది" అని సూది వేసి వెళ్ళాడు. పరుగు మాట దేవుడెరుగు, ఆ మరుసటి రోజు మంచం మీంచి లేవలేకపోయాను. సాయంత్రానికి మంచినీళ్ళ గ్లాసు చేతిలోంచి జారిపోయింది. అప్పుడు నాకు భయం వేసింది.

నూజివీడు ఆసుపత్రిలో డాక్టరుగారు రబ్బరు సుత్తితో మోకాలి మీద కొట్టారు. కాలు ఎగరాలట. ఎగరలేదు. రెండో కాలూ అంతే.

"రిఫ్లెక్సెస్ లేవు. ఇది పైకి పాకుతోంది. ఇవాళే విజయవాడ తీసుకెళ్ళండి. రేపు చూద్దాం అనొద్దు" అన్నారు.

మామిడి సీజను కావడం నా అదృష్టం. మా షెడ్డు నుంచి విజయవాడకి లారీ లోడు వెళ్తోంది. గంపల మధ్య గడ్డి పరిచి నన్ను పడుకోబెట్టారు. రసాలతో పాటు నేనూ మాగుతున్నట్టే ఉంది. అత్తయ్య పక్కన కూర్చుని, ఇంజిను కంటే గట్టిగా ప్రార్థన మొదలుపెట్టింది. హనుమాన్ జంక్షన్‌లో డ్రైవరు అలవాటు ప్రకారం టీ కోసం లారీ ఆపాడు. అత్తయ్య పైనుంచి తల బయట పెట్టి, "బాబూ, ఇవాళ లోడులో మనిషి కూడా ఉందయ్యా" అంది. పాపం, అతను సగం టీ వదిలేసి పరిగెత్తుకొచ్చాడు. నేను ఆకాశం చూస్తూ పడుకున్నాను. ఈవిడ కొడుకు కోసం కూడా ఇంత గట్టిగానే అడిగింది కదా, మళ్ళీ ఏ మొహం పెట్టుకుని అడుగుతోంది అనుకున్నాను.

విజయవాడలో వెన్నులోంచి నీళ్ళు తీశారు. లంబార్ పంక్చర్ అన్నారు. ఆ రిపోర్టు చూసి పెద్ద డాక్టరుగారు మంచం పక్కకి వచ్చి చెప్పారు.

"దీన్ని జి.బి. సిండ్రోమ్ అంటారమ్మా. మొన్న వచ్చిన జ్వరం మీద మీ ఒళ్ళు పోట్లాడింది. ఆ పోట్లాటలో పొరపాటున సొంత నరాలనే దెబ్బ తీసుకుంది."

"మందేంటండీ?" అని అడిగింది అత్తయ్య.

"ఇంజెక్షన్లు ఇస్తాం. అసలు మందు టైమే. ఊపిరి ఆగకుండా చూడటం మా పని. ఓపిక పట్టడం మీ పని."

"నేను ప్రార్థన చేస్తూనే ఉన్నానండీ."

"చెయ్యండి. చేస్తూ చేస్తూ రెండు గంటలకోసారి పక్కకి తిప్పండి. తిప్పకపోతే ఒళ్ళంతా పుండ్లు పడతాయి, బెడ్‌సోర్లు."

అత్తయ్య ఆ మాటని బైబిలు వాక్యం పట్టినట్టు పట్టుకుంది. నేను నిద్రలో ఉన్నా సరే, టైము అయ్యిందంటే దొర్లించేసేది. వార్డులో మిగతా రోగుల బంధువులు ఆవిణ్ణి చూసి తమవాళ్ళని తిప్పుకునేవాళ్ళు.

రోజూ పొద్దున డాక్టరుగారు ఒకే ఊపిరిలో అంకెలు లెక్కపెట్టమనేవారు. ఎంత దూరం వెళ్తే ఛాతీలో అంత బలం ఉన్నట్టు. రోజురోజుకీ నా లెక్క తగ్గుతూ వచ్చింది. ఒక రోజు పది దాకా కూడా వెళ్ళలేకపోయాను. ఆయన మూలన ఉన్న వెంటిలేటరు వైపు చూశారు. అత్తయ్య మొహం తెల్లబోయింది. "గంపలో కాయలు గుక్క తిప్పుకోకుండా లెక్కేసేదానివి, పది కాడ ఆగిపోయావేంటే" అంటూ నవ్వబోయి ఏడ్చేసింది. మర్నాడు లెక్క తగ్గలేదు. ఆ తర్వాత రోజు ఒక అంకె పెరిగింది. "ఇంక కిందికి పోదమ్మా. మెల్లగా పైకి రావడమే" అన్నారు డాక్టరుగారు.

మెల్లగా అంటే ఎంత మెల్లగానో అప్పుడు మాకు తెలియదు. ఊపిరి బాగానే ఉంది గానీ కాళ్ళూ చేతులూ కట్టెల్లా పడి ఉండగానే ఇంటికి పంపించారు. ఇంట్లో అత్తయ్య నా మోకాళ్ళ కింద మెత్తటి దిండ్లు పెట్టింది. ఎంత హాయిగా ఉండేదో. నెల తర్వాత చెక్-అప్‌కి వెళ్తే ఫిజియోథెరపీ చూసేవారు నా కాళ్ళు పట్టుకుని చూసి కేకలేశారు.

"ఎవరు పెట్టారీ దిండ్లు?"

"నేనేనండి. సుఖంగా ఉంటుందని."

"ఆ సుఖానికే మోకాళ్ళు వంగి బిగిసిపోయాయి. పాదాలు కిందికి వాలిపోయాయి. దీన్నే ఫుట్ డ్రాప్ అంటారు. బలం వచ్చినా ఇలాగే ఉంటే ఎలా నడుస్తుంది?"

ఇంటికి రాగానే అత్తయ్య దిండ్లు తీసి అటక మీద పడేసింది. మామిడికాయల పెట్టె చెక్క ఒకటి తెచ్చి, నా అరికాళ్ళు దానికి నిటారుగా ఆనేలా మంచానికి కట్టింది. రోజూ మోకాళ్ళు సాగదీసేది. నొప్పికి నేను తిట్టేదాన్ని. ఆవిడ తిట్లు తింటూనే సాగదీసేది.

చూడ్డానికి వచ్చిన మా దూరపు చుట్టం ఒకావిడ, "ఏదో దాచిపెట్టిన పాపం ఉండుంటుంది, ఒప్పేసుకో కరుణా, వెంటనే లేస్తావు" అంది. అత్తయ్య ఆవిడకి మజ్జిగ గ్లాసు అందిస్తూ, "అదేంటో నీకు తెలిస్తే చెప్పి పో, మేం వెతుక్కోలేక చస్తున్నాం" అంది. ఆవిడ మజ్జిగ తాగకుండానే వెళ్ళిపోయింది. అత్తయ్య ఎదుట నవ్వాను గానీ, ఆ మాట నాలో ముల్లులా ఉండిపోయింది.

అప్పట్లో చర్చివాళ్ళు శుక్రవారం సాయంత్రం ప్రార్థన కూడిక మా ఇంట్లోనే పెట్టుకున్నారు. నేను వెళ్ళలేను కాబట్టి కూడికే నా మంచం దగ్గరికి వచ్చింది. పారిపోదామన్నా కాళ్ళు లేవు. పాస్టరమ్మగారు నడిపించేవారు. చివర్లో గొలుసు ప్రార్థన ఉండేది. అంటే చుట్టూ కూర్చున్నవాళ్ళు ఒకరి తర్వాత ఒకరు ప్రార్థిస్తారు. ఒకరు ఆమెన్ అనగానే పక్కవాళ్ళు అందుకోవాలి. అత్తయ్య తర్వాత వంతు నాది.

మొదటి శుక్రవారం అత్తయ్య ఆమెన్ అంది. నేను నోరు తెరవలేదు. అందరూ కళ్ళు మూసుకునే ఉన్నారు. బయట గేదె అరిచింది. ఎవరో దగ్గారు. కాసేపటికి ఒకావిడ నా మీద జాలిపడి తన ప్రార్థన మొదలుపెట్టబోయింది. అత్తయ్య కళ్ళు తెరవకుండానే చెయ్యెత్తింది.

"ఆగమ్మా. అది కరుణ వంతు."

అందరూ ఆగారు. నాకు ఒళ్ళు మండిపోయింది. చాలాసేపటికి అత్తయ్యే, "సరే, వచ్చే వారం చేస్తుంది" అని పక్కవాళ్ళకి వదిలింది. ఆ వచ్చే వారమూ అంతే. ఆ పై వారమూ అంతే. మా కూడికకి రావాల్సిన పని లేని వెంకాయమ్మ కూడా నాకు తోడుగా వచ్చి కూర్చునేది. ఆవిడ పూజలు ఆవిడవి. అయినా నా వంతు దగ్గర ఆవిడా చేతులు కట్టుకుని ఆగేది.

ఒక శుక్రవారం అందరూ వెళ్ళాక అత్తయ్య మీద విరుచుకుపడ్డాను.

"నలుగురిలో నా పరువు తియ్యడం మీకు సరదాగా ఉందా? పోయింది మీ కొడుకు. మీకు దేవుడి మీద కోపం రాదా?"

అత్తయ్య నా కాళ్ళ దగ్గర చెక్క సర్దుతూనే చెప్పింది.

"ఎందుకు రాదే? రోజూ పోట్లాడుతున్నా. పొద్దున లేచిన కాడి నుంచి అదే అడుగుతున్నా, నా బిడ్డనెందుకు తీసుకుపోయావని. నేను పోట్లాడుతున్నా, నువ్వు మాట్లాడ్డం మానేశావు. అంతే తేడా."

ఇన్నాళ్ళూ ఆవిడ ప్రార్థన అంటే పొగడ్తలే అనుకున్నాను. పక్క గదిలో ఆవిడ చేస్తున్నది తగువని నాకు తట్టనే లేదు.

తర్వాతి శుక్రవారం వాన పడి వెలిసింది. గదిలో ఒకటే దోమలు. అత్తయ్య ఆమెన్ అంది. నా వంతు. ఎప్పట్లాగే అందరూ ఆగారు. సరిగ్గా అప్పుడే ఒక దోమ నా ముక్కు మీద వాలింది. తోలుకుందామంటే చెయ్యి లేవదు. అది తాపీగా కుడుతోంది. నా సహనం చచ్చిపోయింది.

"ప్రభువా, మా ఆయన్ని తీసుకుపోయావు. నా కాళ్ళూ చేతులూ తీసుకుపోయావు. ఇప్పుడీ దోమని కూడా నువ్వే పంపించావా?" అన్నాను.

"ఆమెన్" అన్నారు అందరూ, గట్టిగా. వెంకాయమ్మ కళ్ళు తెరిచి, చెయ్యి చాపి, నా ముక్కు మీద టప్పున ఒక్కటిచ్చింది. దోమ చచ్చింది. పాస్టరమ్మగారితో సహా అందరూ పడీపడీ నవ్వారు. నేనూ నవ్వాను. నవ్వుతుండగానే ఏడుపొచ్చింది. ఇంక ఆగలేదు. మా ఆయన గురించి, ఆ ఉపవాసం గురించి, పాపం ఒప్పుకోమన్న చుట్టం గురించి అన్నీ దేవుణ్ణే అడిగేశాను. ఎవరూ నన్ను ఆపలేదు, సముదాయించలేదు. చెప్పడం అయిపోయాక నేనే ఆమెన్ అన్నాను. నా గుండె తేలికయ్యింది.

ఆ రాత్రి నా కాలు కదిలిందని రాస్తే బాగానే ఉంటుంది. కదల్లేదు. కొన్ని వారాల తర్వాత, ప్రార్థనా పాటా ఏమీ లేని ఒక పొద్దున, అత్తయ్య నా పాదాలు కడుగుతుంటే కుడి బొటనవేలు కదిలింది.

"చూశావా?" అంది అత్తయ్య.

"డాక్టరుగారు చెప్పిన టైము వచ్చింది" అన్నాను నేను.

"ఆయన చేతికి ఆ టైము ఎవరిచ్చారంటా?" అంటూ వెంకాయమ్మని పిలవడానికి పరిగెత్తింది.

కాళ్ళ కంటే ముందు చేతులకి పట్టు వచ్చింది. షెడ్డులో పనిచేసే మగవాళ్ళు కాయలు కోసే పొడవాటి గెడలు రెండు తెచ్చి, మా వాకిట్లో గుంజలకి కట్టారు. వాటిని పట్టుకుని ఆ చివరి నుంచి ఈ చివరికి నడక నేర్చుకున్నాను. పడ్డాను, లేచాను, గేదె ముందు చాలాసార్లు పరువు పోగొట్టుకున్నాను. మరుసటి సీజను సగంలో షెడ్డుకి వెళ్ళాను. గొంతుక్కూర్చోలేను కాబట్టి నాకో స్టూలు వేశారు. "మహారాణిగారు వేంచేశారు" అని వెంకాయమ్మ ఇప్పటికీ ఏడిపిస్తుంది.

ఇది జరిగి అయిదేళ్ళు దాటింది. ఎడమ పాదం కాస్త ఈడుస్తుంది. చలికాలంలో అరికాళ్ళు తిమ్మిరెక్కుతాయి. మిగతాదంతా బాగానే ఉంది. రోజూ దేవుడితో మాట్లాడుతున్నాను. మా ఆయన్ని ఎందుకు తీసుకుపోయావని ఇప్పటికీ అడుగుతూనే ఉన్నాను. జవాబు రాలేదు. అత్తయ్యకీ రాలేదట. ఆవిడ నాకంటే ముందు నుంచి అడుగుతోంది. ఇద్దరం ఆ దేవుణ్ణి వదిలిపెట్టలేదు.

ఇది చదివేవాళ్ళకి ఒక్క మాట. కాళ్ళలో తిమ్మిరి మొదలై పైకి పాకుతుంటే, మర్దనాలతో, బలం సూదులతో కాలం గడపకండి. ఆ రోజే పెద్దాసుపత్రికి బయలుదేరండి. ప్రార్థన దారిలో చేసుకోవచ్చు. చెయ్యాలనిపించకపోతే, ఆ మాటే దేవుడితో చెప్పండి.