కొంచెం సీరియస్

నాకు థ్రిల్లర్ సినిమాల పిచ్చి అంటించింది మా అక్క. తెనాలిలో మా వీధి ఆడపిల్లలంతా పాటల కోసం, ఏడుపు కోసం సినిమాకి వెళ్తే ఆవిడ మాత్రం హత్యల కోసం వెళ్లేది. తోడుగా నన్ను లాక్కెళ్లేది. హాల్లో ఒకటే షరతు, హంతకుడెవరో ముందే కనిపెట్టినా నోరు విప్పకూడదు. ఓసారి ఉండబట్టలేక చెప్పేశాను. ఇంటికొచ్చేదాకా నాతో మాట్లాడలేదు. "తెలిసిపోయాక ఇంకేం చూస్తాంరా, వాడి మొహమా?" అని గుమ్మంలో విసుక్కుంది.

సింగపూర్ వచ్చాక ఆ పిచ్చి ఇంకా ముదిరింది. సాఫ్ట్‌వేర్ వాళ్లకి పిలిచి మరీ ఉద్యోగాలిస్తున్న రోజులవి. చాంగీ బిజినెస్ పార్కులో ఒక బ్యాంకు ప్రోగ్రాముల్లో తప్పులు వెతకడం నా పని. అద్దె తక్కువని వుడ్‌ల్యాండ్స్‌లో ముగ్గురం ఒక ఫ్లాట్‌లో ఉండేవాళ్లం. ఒకడిది వరంగల్, ఇంకొకడిది కడప. ద్వీపం ఆ చివర నుంచి ఈ చివరకి రోజూ రైల్లో పోతూ, చూసిన సినిమాలన్నీ విప్పి మళ్లీ కుట్టేవాళ్లం. వరంగల్‌వాడు నేను ఎవరి పేరు చెబితే వాడు కాదని వాదించేవాడు. వాదించకపోతే వాడికి తిన్నది అరగదు.

నాకు కొన్ని సూత్రాలుండేవి. కారణం లేకుండా మంచితనం ఒలకబోసేవాడిని నమ్మకూడదు. మొదటి నుంచీ అనుమానంగా చూపించేవాడు అమాయకుడు. "ఫోన్లో చెప్పే విషయం కాదు, నువ్వు బయలుదేరి రా" అని ఏ పాత్రయినా అందంటే, వెళ్లేసరికి ఆ పాత్ర ప్రాణాలతో ఉండదు. ఈ సూత్రాలు సినిమా తీసేవాళ్లకీ తెలుసు, చూసేవాళ్లకీ తెలుసు. అయినా జనం ఎగబడతారు. ఎందుకంటే హాల్లో పడే భయానికి పూచీ ఉంటుంది. రెండున్నర గంటల తర్వాత ఎవరో ఒకరు నిలబడి జరిగిందంతా చెబుతారు, దీపాలు వెలుగుతాయి, మనం చెప్పులు వెతుక్కుని ఇంటికి పోతాం. బయట అలాంటి పూచీ ఎవడిస్తాడు?

అక్కడ తెలుగు సినిమా అంటే మనవాళ్లు ఎవరో హాలు అద్దెకి తీసుకుని ఆదివారం మధ్యాహ్నం వేసే ఒకే ఒక్క ఆట. అప్పుడు మన ఊళ్లలో బాగా ఆడుతున్న ఒక థ్రిల్లర్ వస్తోందని తెలిసి ముందే టికెట్లు తీసుకున్నాం.

ఆ వారం అక్క గుంటూరు ఆసుపత్రిలో ఉంది. కడుపులో గడ్డకి ఆపరేషన్. చిన్నదేననీ, నన్ను రావద్దనీ బావ చెప్పాడు. శనివారం అక్క నాతో మాట్లాడింది కూడా. గొంతు నీరసంగా ఉంది. ఆ సినిమా తను అప్పటికే చూసేసింది. "చెప్పన్లే. నువ్వు చూసొచ్చాక మాట్లాడుకుందాం," అంది. ఆ మాత్రం హుషారుగా ఉందంటే గండం గడిచినట్టేనని నేను నిశ్చింతగా పడుకున్నాను.

ఆదివారం పొద్దున కింద మార్కెట్‌కి వెళ్లి కూరల సంచితో తిరిగొచ్చేసరికి ఇద్దరూ సోఫాలో కూర్చుని ఉన్నారు. టీవీ ఆపేసి ఉంది. ఆరోజు వంట వంతు నాది. కడపవాడు అప్పటికే అన్నం వండేసి పప్పు తాలింపు వేసేశాడు. అక్కకి ఫోన్ చేద్దామని, ఇండియాకి మాట్లాడే ఫోన్ కార్డు అడిగితే, "అది అయిపోయింది రా. సాయంత్రం తెచ్చుకుందాం తియ్," అన్నాడు వరంగల్‌వాడు. నా కంచం కూడా నన్ను కడగనివ్వలేదు. ఎప్పుడూ రైలు తప్ప ఎరగని వాళ్లు ఎండగా ఉందని టాక్సీ పిలిచారు. పెళ్లికొడుకుని చేస్తున్నారేంట్రా అని నేనే ఎగతాళి చేశాను. ఎవరూ నవ్వలేదు.

హాల్లో నన్ను మధ్యలో కూర్చోబెట్టారు. అలవాటు ప్రకారం పావుగంటకే నా అనుమానం చెప్పాను. డాక్టరే హంతకుడు అన్నాను. వరంగల్‌వాడు, "గంతేనేమోరా," అన్నాడు. వాడు నాతో ఒప్పుకోవడం నేను వినడం అదే మొదటిసారి.

ఆ తర్వాత అన్ని థ్రిల్లర్లలోనూ ఉండే దృశ్యమే వచ్చింది. ఒకావిడ కూరల సంచి పట్టుకుని, కూనిరాగం తీస్తూ మెట్లెక్కుతోంది. లోపల తలుపు వెనక ఎవరున్నారో మనకి తెలుసు, ఆవిడకి తెలియదు. హాలంతా ఒకటే గోల. "వద్దమ్మా, లోపలికి పోవద్దు!" అని వెనక వరుసలో ఒక ఆంటీ నిజంగానే అరిచింది. అందరి కళ్లూ తెరమీదే ఉన్నాయి. నాకు రెండు పక్కలా ఉన్న ఇద్దరు మాత్రం నన్ను చూస్తున్నారు.

పొద్దున నేనూ కూరల సంచితోనే ఇంట్లోకి వచ్చాను. నేను వచ్చేలోపు ఫోన్ మోగి ఉంటుంది. వీళ్లకి తెలుసు, నాకు తెలియదు. ఇంతసేపూ నాకు జరిగిన మర్యాదలన్నీ ఒక్కసారిగా వరసలో నిలబడ్డాయి.

ముందు నాకు కోపం వచ్చింది, దాచుకోవడమెందుకు. నా అక్క సంగతి నాకంటే ముందు వీళ్లకి తెలియడమేంటి? నన్ను బొమ్మలా తీసుకొచ్చి ఇక్కడ కూర్చోబెట్టడమేంటి? లేచి ఇద్దరి కాలర్లూ పట్టుకోవాలనిపించింది. కడపవాడి వైపు తిరిగాను. వాడి కళ్లు ఎర్రబడి ఉన్నాయి. చేతిలో పాప్‌కార్న్ డబ్బా అలాగే నిండుగా ఉంది. సినిమా మానేద్దామంటే నేను ఎందుకని అడుగుతాను. ఇంట్లో ఉంటే ఫోన్ మోగుతుంది. విమానం సాయంత్రానికి గాని ఉండదు. అందుకే వీళ్లు నన్ను ఇక్కడికి తెచ్చారని అర్థమయ్యాక ఇక ఏమీ అనలేకపోయాను.

తెర మీద 'విశ్రాంతి' అని పడింది. ఆ దేశంలో సినిమాకి విరామం ఇవ్వరు. అలవాటుకొద్దీ లేచిన మనవాళ్లు మళ్లీ కూర్చున్నారు, దీపాలు వెలగకుండానే బొమ్మ ముందుకి పోయింది. నేను కదల్లేదు. సినిమా నడుస్తున్నంతసేపూ వాళ్లు నాకు ఏమీ చెప్పరు. చెప్పనంతసేపూ అక్క ఆసుపత్రి మంచం మీద దిండుకి ఆనుకుని, నా ఫోన్ కోసం చూస్తూనే ఉంటుంది. చిన్నప్పటి నుంచి ఎన్నో థ్రిల్లర్లు, ఎప్పుడు ముడి విప్పుతారా అని గోళ్లు కొరుక్కుంటూ చూశాను. ఆ సినిమా మాత్రం అయిపోకూడదని దేవుడికి దణ్ణం పెట్టుకుంటూ చూశాను.

అయిపోయింది. హంతకుడు దొరికాడు. జనం చప్పట్లు కొట్టారు. అతను డాక్టరో కాదో నాకిప్పటికీ గుర్తులేదు.

బయట, మెట్ల దగ్గర జనం పలచబడ్డాక కడపవాడు నా భుజం మీద చెయ్యేశాడు. "అక్కకి కొంచెం సీరియస్ అంటప్పా. మీ బావ ఫోన్ చేసినాడు. సాయంత్రం ఫ్లైట్‌కి సీటు దొరికింది. నువ్వు పోయి చూసిరా," అన్నాడు, నేల చూస్తూ.

పరాయి దేశంలో ఉన్న మావాళ్లలో ఆ మాటకి ఒకటే అర్థం. మనిషి పోయారని విమానం ఎక్కబోయేవాడికి చెప్పరు. అంత దూరం ఒంటరిగా ఎలా వస్తాడని జాలి. ఆఫీసులో నా పక్క సీటతన్ని వాళ్ల నాన్న పోయినప్పుడు అదే మాట చెప్పి మేమే సాగనంపాం. కొంచెం అంటే ఎంత అని అతను మమ్మల్ని అడగలేదు. ఎందుకు అడగలేదో నాకప్పుడు తెలియలేదు. ఇప్పుడు నేనూ అడగలేదు. "టికెట్ ఎన్నింటికి?" అన్నాను, అంతే.

బట్టలు వాళ్లే సర్దారు. ఎయిర్‌పోర్టులో లోపలికి వెళ్లేముందు ఇంటికి ఫోన్ చేస్తానన్నాను. ఇద్దరూ మొహాలు చూసుకున్నారు. కాసేపటికి వరంగల్‌వాడు జేబులోంచి కార్డు తీసి, తల ఎత్తకుండా నా చేతిలో పెట్టాడు. పొద్దున అయిపోయిందన్న కార్డే అది.

తెనాలి ఇంటికి చేశాను. బావ ఎత్తాడు. వెనక చాలామంది మనుషుల అలికిడి వినిపించింది. ఎవరో ష్ అన్నాక అంతా సద్దుమణిగింది. ఆసుపత్రిలో ఉండాల్సిన మనిషి ఇంట్లో ఎందుకున్నాడని నేను అడగలేదు.

"ఎక్కడున్నావురా?"

"ఎయిర్‌పోర్టులో ఉన్నా బావా. ఎక్కబోతున్నా. అక్కెట్టా ఉంది?"

బావకి అబద్ధమాడటం చేతకాదు. పేకాటలో కూడా మొహంలో దొరికిపోయే మనిషి.

"ఇంటికి తీసుకొచ్చేశాంరా. పడుకుంది. ఇప్పుడే నిద్రపట్టింది."

ఫోన్ బూత్ అద్దాల అవతల నా ఇద్దరు స్నేహితులూ నా వంకే చూస్తున్నారు. నిజం చెప్పు బావా అని ఒక్క మాట అంటే చాలు, చెప్పేస్తాడు. ఆ మాట నా నోటిదాకా వచ్చింది.

"లేపొద్దు బావా," అన్నాను. "పడుకోనీ. నేనొచ్చాక లేపుతాను."



"అట్టాగేరా," అన్నాడు బావ. "నువ్వే లేపుదువుగాని, రా."