అమ్మ దగ్గర ఇద్దరు

దయ్యాల కథలు చెబితే నవ్వే రకం నేను. సర్వర్లతో పనిచేస్తాను. ఏదైనా ఆగిందంటే దానికో కారణం ఉంటుంది, దొరకలేదంటే మనం సరిగ్గా వెతకలేదని అర్థం. ఇప్పటికీ అలాగే అనుకోవాలని ఉంది.

పటమటలో మా ఆఫీసు ఒక అంబులెన్స్ సర్వీసుకి సాఫ్ట్‌వేర్ నడుపుతుంది. ఊళ్ల నుంచి వచ్చే కాల్స్ అందుకునే ప్రోగ్రాం మూడు కాపీలుగా నడుస్తుంటుంది, ఒకటి పోయినా మిగతావి పని చూసుకోవాలని. మెయింటెనెన్స్ కోసం ఒక సర్వర్ ఖాళీ చేసేటప్పుడు, అంటే దాని మీద నడిచేవన్నీ ఆపేటప్పుడు, కనీసం రెండు కాపీలు నడుస్తూ ఉండాలి, లేదంటే సిస్టమ్ ఖాళీ చేయనివ్వదు. ఆ నియమం రాసింది మా సీనియర్ దావీదు గారు. ఆస్పత్రిలో వాళ్లమ్మగారి దగ్గరున్న ఇద్దరూ ఒకేసారి టీ తాగడానికని కిందకి దిగారట. ఆ ఐదు నిమిషాల్లోనే ఆవిడ పోయారు. అందుకే నియమానికి 'అమ్మ దగ్గర ఇద్దరు' అని పేరు పెట్టారు. "ఒకళ్లు లేచెళ్లినా ఇంకా ఇద్దరుండాలమ్మాయ్" అనేవారు. పోయినేడు ఆయనా పోయారు.

మొన్నో ఆదివారం పొద్దున సర్వర్ ఖాళీ చేయబోతే ఆ నియమం అడ్డుపడింది. ఒక కాపీ అప్పటికే పాడై ఉంది. దాన్ని బాగుచేసి మొదలుపెట్టాల్సింది. చర్చి అయ్యాక చుట్టాలు మా ఇంటికి భోజనానికి వస్తున్నారు, నా తొందర నాది. నియమాన్నే తీసేశాను. మిగిలిన రెండు కాపీలూ ఆ ఒక్క సర్వర్ మీదే ఉన్నాయని చూసుకోలేదు.

మళ్లీ కమాండ్ ఇచ్చాను. కుదరదంది సిస్టమ్. అడ్డుపడిన నియమం పేరు 'అమ్మ దగ్గర ఇద్దరు'. నియమాల జాబితా తీసి చూశాను, అందులో లేదు. మళ్లీ కొట్టాను. మళ్లీ అదే పేరు. గదిలో నేనొక్కదాన్నే. వెనక దావీదు గారి కుర్చీ వైపు తిరగడానికి భయమేసింది.

అప్పుడే ఫోన్ మోగింది. పామర్రు నుంచి అక్క.

"మీ బావకి గుండెల్లో నొప్పే! అంబులెన్స్‌కి చేశాను, ఎత్తారు, వస్తున్నారంట. నువ్వు ఆస్పత్రికి వచ్చెయ్యవే!"

ఆ కాల్ అందుకున్నది నేను ఆపబోయిన రెండు కాపీల్లో ఒకటి. బావ బతికారు. ఇంకో పావుగంట ఆలస్యమైతే దక్కేవారు కాదన్నారు డాక్టరు గారు.

తర్వాత, జరిగిందంతా సిస్టమ్ రాసుకునే లాగ్ తిరగేశాను. నియమం తీసేసినట్టు నా పేరు, టైము ఉన్నాయి. ఎవరూ దాన్ని తిరిగి పెట్టలేదు. నా కమాండ్‌ని కాదన్నట్టు ఒక్క లైను కూడా లేదు. తీసేసిన నియమాన్ని సిస్టమ్ కాసేపు గుర్తుపెట్టుకుని ఉంటుందిలే అన్నారు ఆఫీసులో. సరేనన్నాను.

సోమవారం అదే పేరుతో నియమాన్ని మళ్లీ పెట్టబోయాను. తీసుకోలేదు. ఆ పేరుతో ఒకటి ఇప్పటికే ఉందంది. జాబితా తీశాను. ఖాళీ.

ఎందుకో ఈరోజుకీ నాకు తెలీదు. సర్వర్ ఖాళీ చేసే రోజు మాత్రం నేను ఒంటరిగా కూర్చోను. పక్కన ఇంకొకర్ని కూర్చోబెట్టుకుంటాను, టీకి కూడా లేవనివ్వను.