ఎవరి చేతి పొడుగు వాళ్ళ రికాబుకి

"ఈ మంచానికి రెండు రికాబులుంటే బాగుండేది కదే. కాళ్ళు గాల్లో వేలాడుతున్నాయి."

"ఉంటే ఎక్కడికి పోతావు మావా, స్వారీకి? నోరు మూసుకుని పడుకో."

మా ఆయనా నేనూ ఆఖరుగా అనుకున్న మాటలివే. రాజమండ్రి ఆసుపత్రిలో మంచం పొట్టిది, ఆయన పొడుగు. నవ్వుకుంటూనే కళ్ళు మూసుకున్నాడు, తెల్లారి లేవలేదు. ఇంకాస్త మంచి మాట అనాల్సింది అని కొన్నాళ్ళు ఏడ్చాను. ఇప్పుడు ఏడవడం లేదు. పెళ్ళయినప్పటి నుంచీ నేను అలాగే కసిరాను, ఆయన అలాగే నవ్వాడు. ఆ రోజు కొత్తగా మర్యాద చేసి ఉంటే హడలిపోయేవాడు.

నాది సంతకం వరకే చదువు. నేను చెబుతుంటే మా ఆయన చెల్లెలు, అంటే నా ఆడపడుచు, రాస్తోంది. అంగన్‌వాడీలో పిల్లల చేత అక్షరాలు దిద్దించి రిటైరైన మనిషి. నెమ్మదిగా చెప్పు వదినా అంటోంది. బస్టాండు దగ్గర పూలు కేకేసి అమ్మిన గొంతు నాది, బొంగురుపోయింది గానీ నెమ్మదించడం దానికి రాదు.

మా ఆయనకి ఒక తెల్ల ఆడగుర్రం ఉండేది. ఉండేది ఏంటి, ఇప్పుడూ ఉంది, కిటికీ బయట నిలబడి ఇదంతా వింటోంది. పెళ్ళి ఊరేగింపులకి పెళ్ళికొడుకులని ఎక్కించేవాడు. ఆదివారాలు నరసాపురం అవతల సముద్రపొడ్డుకి తీసుకెళ్తే షికారుకొచ్చినవాళ్ళు సరదాగా ఎక్కేవారు. గుర్రం ఆయనది, పూలబుట్ట నాది. అమ్ముడుపోని చామంతులు నా బుట్టలోంచి దాని నోట్లోకి పోయేవి, మా ఇద్దరి వ్యాపారాలకీ ఉన్న సంబంధం అంతే.

ఆయన పోయాక పెద్దకర్మ అయిన మర్నాడే ఆడపడుచు మొదలుపెట్టింది.

"వదినా, తణుకులో బ్యాండుమేళం ఆయన గుర్రాన్ని అడుగుతున్నాడు. ఇచ్చేద్దాం."

"ఇవ్వను."

"ఏం చేసుకుంటావు? గడ్డి పెట్టడం వేరు, పెళ్ళికొడుకుని ఎక్కించడం వేరు. అన్నయ్య ఎక్కించినవాడు ఒక్కడూ కింద పడలేదు. నీ చేతిలో ఎవడైనా పడ్డాడనుకో, పోయేది అన్నయ్య పేరు."

అది నిజం కాబట్టే నాకు ఒళ్ళు మండింది. ఆ గుర్రం కూడా వెళ్ళిపోతే ఈ ఇంట్లో ఊపిరి పీల్చేది నేనొక్కదాన్నే. ఆ మాట మాత్రం అప్పుడు ఆడపడుచుతో అనలేదు.

"పాలకొల్లు పక్కన ఒక పెళ్ళి మీ అన్నయ్య ముందే ఒప్పుకున్నాడు. మూడు నెలలుంది. అది నేను చేయిస్తాను. పెళ్ళికొడుకు జారితే మర్నాడే గుర్రాన్ని తణుకు తోలెయ్యి."

"మాటేనా?"

"మాటే."

మాటైతే ఇచ్చాను గానీ నాకు తెలిసింది తక్కువ. రికాబు అంటే జీనుకి రెండు వైపులా తోలు పట్టీతో వేలాడే ఇనప కడియం, అందులో పాదం పెడతారు. పట్టీకి బెజ్జాలుంటాయి, పొడుగు పెంచుకోవచ్చు, తగ్గించుకోవచ్చు. అంతవరకూ చూశాను. ఎంత పొడుగు పెట్టాలి? పూలమ్మే చెయ్యి ఆలోచిస్తుందా? తోలు పట్టీని కనకాంబరాల దండలా మోచేతి దగ్గర్నుంచి వేళ్ళ దాకా లాగాను. మూర. దాని మీద ఇంకో అర మూర. కొసరు కూడా వేశాను.

మొదటి ఆదివారం సముద్రం దగ్గరికి ఓ భార్యాభర్తలొచ్చారు. ఆయన ఆరడుగుల మనిషి. ఎక్కించాను. మోకాళ్ళు గడ్డం దాకా వచ్చాయి.

"ఏవండీ, గుడ్లు పొదిగే కోడిపెట్టలా ఉన్నారండీ!" అని భార్య ఇసకలో కూలబడి నవ్వింది.

"దింపెయ్యమ్మా, తొడలు పట్టేశాయి," అన్నాడాయన.

తరవాత ఆవిడ ఎక్కింది. ఆవిడ పొట్టి. గోదావరి దాటించే పంటు దిగేటప్పుడు రేవులో నీళ్ళ లోతు కాలితో వెతుకుతారు చూడండి, అలా బొటనవేలితో రికాబు కోసం వెతుక్కుంటోంది. గుర్రం నాలుగడుగులు వేసేసరికి పక్కకి ఒరిగింది. నడుం పట్టుకుని ఆపాను కాబట్టి సరిపోయింది. ఈసారి నవ్వే వంతు మొగుడిది. ఇంటికొచ్చేదాకా నాకు మాత్రం నవ్వు రాలేదు. ఒకే కొలత ఇద్దరికి పెట్టాను, ఒకరికి పొట్టయింది, ఒకరికి పొడుగైంది. ఇలా అయితే పెళ్ళికొడుకు గతి ఏంటి?

ఆ సాయంత్రం పాకలో గుర్రం ముందు కూర్చుని ఆయన ఏం చేసేవాడో ఒక్కొక్కటే గుర్తు చేసుకున్నాను. ఎవరొచ్చినా ముందు "చెయ్యి చాపండి" అనేవాడు. డాక్టరు నాడి చూసినట్టు ఏంటీ షోకు అనుకునేదాన్ని. ఎన్నడూ అడగలేదు. అడిగితే ఓ గంట చెబుతాడని భయం.

ఇప్పుడు నేనే చాపాను. పట్టీ జీను నుంచి దిగే చోట వేళ్ళు ఆనించి, చెయ్యి తిన్నగా పెట్టి, రికాబుని చంక దాకా లాగాను. ఆ పొడుగుకి బెజ్జం పెట్టుకున్నాను. రెండో వైపూ అంతే. చీర గోచీ పోసి, పూలు కట్టుకునే బల్ల మీద నుంచి గుర్రం ఎక్కాను. దేవుడా, ఎంత ఎత్తో! కాళ్ళు వదిలేస్తే రికాబు అడుగు చీలమండ ఎముకకి తగిలింది. పాదం ముందు భాగం లోపల పెడితే మోకాలు కొంచెం వంగింది, మడమ దానంతటది కిందికి దిగింది. రికాబుల మీద లేచి నిలబడితే నాకూ జీనుకీ మధ్య పిడికెడు సందు. మళ్ళీ కూర్చుంటే పీట మీద కూర్చున్నంత నిబ్బరం. అప్పుడు తెలిసింది. నా మూర పూలకి పనికొస్తుంది. కాలికి మాత్రం ఎవరి చెయ్యి వాళ్ళకే కొలత.

సరిగ్గా అప్పుడే కూర గిన్నెతో ఆడపడుచు వచ్చింది.

"వదినా! దిగు! ఈ వయసులో నడుం విరిగితే ఎవరు చేస్తారు నీకు?"

"నువ్వే చేస్తావు. రా, నువ్వూ ఎక్కు."

"నాకేం ఖర్మ!"

"పోనీ చెయ్యన్నా చాపు, కొలుస్తాను."

తిట్టుకుంటూనే చాపింది. నా చేతికంటే నాలుగు వేళ్ళు తక్కువ. "చూశావా, నా కొలత పెడితే నువ్వు సముద్రంలో తేలతావు," అన్నాను. నవ్వు ఆపుకోలేక గిన్నె గట్టు మీద పెట్టేసింది. ఇది రాయాలా అని అడుగుతోంది ఇప్పుడు. రాయి.

పెళ్ళిరోజు గుర్రాన్ని వ్యానులో ఎక్కించి పొద్దువాలకముందే వెళ్ళాం. ఆడపడుచు కూడా వచ్చింది, సాయానికి కాదు, చూడ్డానికి. పెళ్ళికొడుకు మంచివాడిలా ఉన్నాడు గానీ చెమటలు కారిపోతున్నాయి. నేను దగ్గరికి వెళ్తుంటే పట్టుచీర కట్టుకున్న ఒకావిడ నా బోసి నుదురు చూసి ఆపింది.

"పెళ్ళికొడుకు ముందుకి నువ్వెందుకమ్మా? కాస్త వెనక నుంచో."

"వెనక నుంచుంటే గుర్రం తంతుందండి."

బ్యాండువాళ్ళు సన్నాయి కింద పెట్టి నవ్వారు. ఆవిడకీ నవ్వొచ్చింది, పక్కకి జరిగింది. ఈలోపు ఫోటో అబ్బాయి వచ్చాడు.

"కాళ్ళు ఇంకా పైకి పెట్టించండి, షూసు కనపడాలి."

"షూసు కావాలంటే విప్పించి విడిగా తీసుకో బాబూ. కూర్చునేవాడికి కాళ్ళు నిలబడాలి."

పెళ్ళికొడుకు చెయ్యి చాపించి కొలిచాను, రెండు వైపులా బెజ్జాలు లెక్కపెట్టి సమానంగా పెట్టాను, ఎక్కించాను. కుడి కాలు బ్రహ్మాండంగా ఉంది. ఎడమ కాలు మాత్రం అందలేదు. వేలి కొస తప్ప రికాబు మీద ఏమీ ఆనలేదు. మనిషి ఆ వైపుకి వాలుతున్నాడు, వాలేకొద్దీ జీను కూడా తిరుగుతోంది. మళ్ళీ లెక్కపెట్టాను. అటూ ఇటూ సమానమే. పందిరి గుంజ దగ్గర ఆడపడుచు చేతులు కట్టుకుని చూస్తోంది. గుర్రం తణుకు వెళ్ళిపోయినట్టే అనిపించింది.

మెల్లిగా అడిగాను. "బాబూ, ఎడమ కాలికేమైనా అయిందా?"

ఆ అబ్బాయి వంగి చెవిలో చెప్పాడు. "బండి మీద నుంచి పడితే రాడ్డు వేశారండి. కొంచెం పొట్టయింది. రోజూ జోడులో మందపాటి అట్ట పెట్టుకుంటాను, ఈ కొత్త షూసులో పట్టలేదు."

"ముందే చెప్పొద్దూ?"

"ఇంతమందిలో ఎలా చెప్పనండి? మావాళ్ళు గుర్రం అన్నప్పటి నుంచీ నాకు నిద్ర లేదు."

"అమ్మాయికి తెలుసా?"

"తనకి తెలుసండి. ఫోటో ఆయనకే తెలీదు."

గుర్రం మెడలో దండ సర్దుతున్నట్టు అటు తిరిగి, ఎడమ పట్టీ ఒక బెజ్జం పైకి ఎత్తాను. "ఇప్పుడు లేచి నుంచో." నుంచున్నాడు, పిడికెడు సందు వచ్చింది. కూర్చున్నాడు. రెండు మడమలూ కిందికి దిగాయి. మొహంలో నెత్తురు తిరిగి వచ్చింది. చేతికొలత మొదలు పెట్టడానికి మాత్రమే. ఆ తరవాత కాలిని చూడాలి. ఈ రెండో మాట మా ఆయన నోట ఎప్పుడూ వినలేదు, నేనే నేర్చుకున్నాను.

ఊరేగింపు కదిలింది. మొదటి మలుపులో ఎవరో బుద్ధిమంతుడు టపాకాయల దండ గుర్రం కాళ్ళ దగ్గరే అంటించాడు. అది ఒక్క గెంతు గెంతి పక్కకి ఉరికింది. నేను కళ్ళెం పట్టుకుని వేలాడాను. పైన మనిషి తలపాగా కళ్ళ మీదికి వచ్చేసింది, ఒక చేత్తో దాన్నీ ఒక చేత్తో జీనునీ పట్టుకున్నాడు. కాళ్ళు మాత్రం పెట్టినచోట పెట్టినట్టే ఉన్నాయి. గుర్రం ఆగాక తలపాగా పైకి తోసుకుని, "బాగుందండీ, మళ్ళీ ఓసారి!" అన్నాడు. జనం ఈలలు వేశారు. టపాకాయల వాడికి నేను పెట్టిన తిట్లు బ్యాండు మోతలో కలిసిపోయాయి, అదృష్టవంతుడు.

పెళ్ళివారి గుమ్మం దగ్గర దింపాక ఆడపడుచు నా పక్కకి వచ్చి నిలబడింది.

"జారలేదు," అంది.

"తణుకు ఆయనకి ఫోను చెయ్యి."

"ఏమని?"

"గుర్రానికి తీరిక లేదని."

అక్కడే, సన్నాయి పక్కనే నిలబడి చేసింది. వినపడక మూడుసార్లు అరిచి మరీ చెప్పింది. అరుస్తూ, "మా వదినే చూసుకుంటుందండీ!" అని తనంతట తనే కలిపింది.

అయిపోయింది అమ్మాయీ, కలం పక్కన పెట్టు. కళ్ళజోడు తుడుచుకుని మొదటి నుంచీ చదివి వినిపించు. నాకు రాదు కదా అని మధ్యలో నీ అంగన్‌వాడీ మర్యాదలేవైనా దూర్చావేమో చూస్తాను. తిట్టిన చోట తిట్టే చదువు. ఊఁ, కానీ.