పటంలోకి ఎక్కిన తండా

సోలార్ పంపులు బిగించే పని మీద కాకినాడ నుంచి జహీరాబాద్ వెళ్లాను. పొలాల్లో సిగ్నల్ ఉండదని ఫోన్‌లో రెండు ఆఫ్‌లైన్ మ్యాపు యాప్‌లు వేసుకున్నాను. మెమరీ చాలక ఒకటి తీసేయాల్సి వచ్చింది. ఝరాసంగం వెళ్లే షేర్ ఆటోలో ఏది ఉంచాలా అని చూసుకుంటుంటే, పక్కన కందుల సంచితో కూర్చున్న పెద్దావిడ, పేరు సీతాబాయి, ఫోన్‌లోకి తొంగిచూసింది.

"గీ ఫోన్ల మా సోమ్లా తండా ఉన్నదా, బిడ్డా?"

రెండింట్లోనూ లేదు.

"మా తండా లేంది గదేం పటం? దవాఖాన బండి సుత దారి దొరకక రోడ్డు మీదనే ఆగుతది!"

మావైపు కొత్తవాళ్ల ఫోన్ ఎవరూ ముట్టుకోరు. ఇక్కడ ఆటోలో ఉన్నవాళ్లంతా తలా ఒక వేలు పెట్టి వెతికారు. తెలుగులో తియ్యగా దారి చెప్పే యాప్‌లో ఆ చోటంతా ఖాళీ. మూగదైన రెండోదాంట్లో బండ్లబాట గీత ఉంది, పేరే లేదు. పైగా అందులో లేని ఊరిని మనమే చేర్చవచ్చు. మొదటిదాన్ని అక్కడే తీసేశాను. సీతాబాయి వేలుపెట్టి చూపించిన చోట తండా పేరు రాసి, లాడ్జిలో నెట్ అందగానే యాప్ వాళ్లకు పంపాను.

కొన్ని నెలలకు ఆ తండాలోనే పని పడింది. కొత్త మ్యాపు దించుకుంటే పేరు వచ్చేసింది! సిగ్నల్ లేకపోయినా బండ్లబాట పట్టుకుని నేరుగా వెళ్లి తండాలో బైకు ఆపాను. సీతాబాయి ఎదురొచ్చింది.

"ఎవల్ని అడిగి వచ్చినవ్, బిడ్డా?"

"ఎవర్నీ అడగలేదమ్మా," అని ఫోన్ చూపించాను.

ఆమె ఫోన్ చూడనే లేదు. ఇళ్లవైపు తిరిగి చేతులెత్తి కేకేసింది.

"ఎవ్వల్నీ అడగలేదంట! సక్కగ మనింటికొచ్చిండు!"