పూజ తర్వాత గురి తప్పిన రైఫిల్

2022లో, దసరా వెళ్లాక జరిగిన సంగతి ఇది. మచిలీపట్నంలో నేను చూసుకునే ఎయిర్ రైఫిల్ రేంజ్ ఒక పాత గోడౌన్‌లో ఉంటుంది. పిల్లలకు కాల్చడం నేర్పడంతోపాటు వాళ్ల రైఫిళ్ల బాగోగులు కూడా నా పనే. గురిపెట్టిన చోటే గుండు పడేలా సైట్‌ను సరిచేసి పెట్టడాన్ని మేం జీరో చెయ్యడం అంటాం. కన్ను ఆనించే వెనక సైట్‌కు చిన్న నాబ్‌లు ఉంటాయి. ఒక్కో క్లిక్కుకు గుండు పడే చోటు వెంట్రుకవాసి జరుగుతుంది.

హారికది కృత్తివెన్ను. అప్పుడు ఇంటర్ చదువుతోంది. వాళ్ల నాన్న నాంచారయ్య గారు రొయ్యల చెరువుల్లో నీళ్లు చిలికే ఏరేటర్లు బాగుచేస్తారు. రాష్ట్ర జట్టు సెలక్షన్ ఆ వారంలోనే ఉంది. అంతవరకూ నిలకడగా కాల్చిన పిల్ల, పండగ సెలవుల్లో ఇంటి దగ్గర ప్రాక్టీసు చేస్తూ రోజుకో చోట కొట్టడం మొదలుపెట్టింది. తండ్రీకూతుళ్లిద్దరూ కలిసి రేంజ్‌కి వచ్చారు.

"ఇంక మానేస్తానంటందండీ," అన్నారాయన. "అడిగితే రైఫిల్ బాలేదంటది. ఆడలేక మద్దెల ఓడంటే ఎట్టాగండీ? ఫోనెక్కువైపోయింది మేడం, ధ్యాస లేదు."

హారిక తన అరచేతిని చూసుకుంటూ కూర్చుంది. తప్పు తనదేనని అప్పటికే సగం నమ్మేసినట్టుంది.

"రైఫిల్ ఎవరైనా విప్పారా?" అని అడిగాను.

"నేనేనండీ. ఆయుధపూజకి మొత్తం విప్పి, తుడిచి, మళ్లీ బిగించాను. ఒక్క స్క్రూ మిగల్లేదు."

"మిగలకపోవడం సంతోషమేనండీ," అన్నాను.

ఎవరినీ నాబ్ ముట్టుకోనివ్వకుండా, రైఫిల్‌ని ఇసక సంచి మీద ఆనించి నేనే కాల్చాను. గుండ్లన్నీ ఒకే చోట పడ్డాయి, కాకపోతే నడుమ కాదు, పక్కకి. గుండ్లు ఇలా దగ్గరగా పడితే గొట్టం బాగున్నట్టే, సైట్ మాత్రం జరిగినట్టు. నాబ్ తిప్పితే సరిపోవాలి. హారిక రోజూ చేసింది అదే. కానీ రైఫిల్‌ని పెట్టెలో పెట్టి, తీసి మళ్లీ కాలిస్తే గుండ్లు ఇంకో చోట పడ్డాయి. జరిగిన సైట్‌ను సరిచెయ్యొచ్చు గానీ, జరుగుతూనే ఉన్నదాన్ని ఎన్ని క్లిక్కులు తిప్పినా లాభం లేదు.

గొట్టానికీ, భుజానికి ఆనించే చెక్కకీ మధ్య ఉండే బోల్టులు చూశాను. ఆయన పనికి వంక పెట్టడానికి లేదు. తర్వాత వెనక సైట్ ఊడదీశాను. అది కూర్చునే పట్టీని రైల్ అంటాం. దాని మీద ఎండిపోయిన గంధం, కుంకుమ కనిపించాయి.

"ఇక్కడ బొట్టు పెట్టారా?"

"పెట్టానండి. సైట్ తీసేసుంది గదా, చదునుగా అదే కనపడింది. ఏటా మోటార్లన్నిటికీ పెడతానండి, ఒక్కటీ మొరాయించలా."

మోటారుకు బొట్టు పెడితే వచ్చిన నష్టమేమీ లేదు. ఇక్కడ మాత్రం సైట్ నేరుగా రైల్ మీదే కూర్చోవాలి. మధ్యలో ఉన్న గంధం పొడిపొడిగా రాలుతున్న కొద్దీ సైట్ ఒరుగుతూ వచ్చింది. నేను గుడ్డ తియ్యగానే ఆయన చెయ్యి అడ్డం పెట్టారు.

"అమ్మవారి బొట్టండీ. గుడ్డపెట్టి తుడిచేస్తారా?"

నాకు చిర్రెత్తుకొచ్చింది. "చెక్క మీద ఎంత పెద్ద బొట్టైనా పెట్టుకోండి, నేను కాదనను. సైట్ కింద మాత్రం నూనె చుక్క కూడా ఉండకూడదు."

ఆయన నా గుడ్డను పక్కకి జరిపి, ఆ గంధాన్ని తనే గోటితో గీకి, కాగితంలో పొట్లం కట్టి కళ్లకద్దుకున్నారు. నేను రైల్‌ని పొడిగుడ్డతో తుడిచి, సైట్‌ను పాత గుర్తు దగ్గర కూర్చోబెట్టి, రెండు స్క్రూలనూ మార్చి మార్చి కొంచెం కొంచెంగా బిగించాను. జీరో చేసి, రైఫిల్‌ని పెట్టెలో పెట్టి తీసి మళ్లీ కాల్చాను. ఈసారి గుండ్లు అక్కడే పడ్డాయి. నా ప్రాణం కుదుటపడింది.

తర్వాత హారిక నిలబడి కాల్చింది. గుండ్లన్నీ నడుమనే పడి కాగితం ఒకే చోట చిరిగిపోయింది. ఆమె రైఫిల్ దించి, వెనక్కి తిరక్కుండానే అంది.

"మేడం, నా చెయ్యి బాగానే ఉందని మా నాన్నకి చెప్పండి."

నాంచారయ్య గారు ఆమె వెనకే నిలబడి ఉన్నారు. "తెలుస్తానే ఉందమ్మా," అన్నారు. ఆ పిల్ల అప్పుడూ తిరిగి చూడలేదు. ఆయన మొహం చూస్తే నాకే జాలేసింది.

సెలక్షన్‌లో హారిక నెగ్గింది. తండ్రితో మామూలుగా మాట్లాడటానికి మాత్రం ఇంకా కొన్నాళ్లు పట్టిందట.

రైఫిల్ విప్పి తుడిచాక జీరో మళ్లీ చూసుకోవాలని ఎవరైనా చెప్తారు, అది నాకూ ముందే తెలుసు. నేను కొత్తగా నేర్చుకున్నది ముందు దేన్ని అనుమానించాలన్నది. ఇప్పుడు ఏ పిల్ల గురి తప్పుతోందని వచ్చినా, ముందు రైఫిల్‌నే అనుమానిస్తాను. దాన్ని ఎన్నిసార్లు అనుమానించినా మనసు కష్టపెట్టుకోదు.