సాంబయ్య సంవత్సరం

ఇవాళ తారీఖు ఎంత అని అడిగితే సాంబయ్య గోడ మీద క్యాలెండరు వెతుక్కుంటాడు. అదే 1896లో ఏ రోజున ఏం జరిగిందో అడగండి, నీళ్లు నమలకుండా చెబుతాడు. మార్చి ఒకటిన ఇథియోపియా వాళ్లు ఇటలీ సైన్యాన్ని చిత్తుగా ఓడించారు. జూన్ పదిహేనున జపాన్ తీరాన్ని సముద్రం ముంచేసింది. జులై ఏడున బొంబాయి జనం మొదటిసారి కదిలే బొమ్మలు చూశారు. ఆగస్టులో జాంజిబార్ యుద్ధం ముప్పై ఎనిమిది నిమిషాల్లో ముగిసిపోయింది. ఈ చివరిది చెప్పేటప్పుడు తానే గెలిచినంత సంబరపడతాడు.

ఏడో తరగతి తప్పిన మనిషికి ఇంత విద్య వాన పుణ్యాన అబ్బింది. పాలకుర్తి నుంచి ఆటోలో పది నిమిషాలు పోతే వచ్చే ఊళ్లో, గ్రంథాలయంలో ముప్పై ఏళ్లు అటెండరుగా చేశాడు. ఒక ఏడాది కప్పు కారి, సంవత్సరానికొకటిగా ఉన్న ప్రపంచ విశేషాల పుస్తకాలన్నీ ముద్దయిపోయాయి. ఒక్క 1896 మిగిలింది. పారేయమంటే ఇంటికి తెచ్చుకున్నాడు. ఇంకో సంవత్సరం మిగిలి ఉంటే దానికే పండితుడయ్యేవాడు, అందులో ఆయన గొప్పేమీ లేదు.

రిటైరైనా రోజూ పొద్దున్నే గ్రంథాలయానికి వచ్చి, వరండాలో బోర్డు మీద '1896లో ఈ రోజు' అని ఒక వాక్యం రాసేవాడు. గ్రూప్స్ పరీక్షలకు చదివే పిల్లలు "ఇయ్యాల ఏంది సారూ?" అనేవారు. సారు! ముప్పై ఏళ్లు "ఓ సాంబయ్యా, మంచినీళ్లు" అని పిలిపించుకున్న మనిషి ఆ ఒక్క మాట కోసమే బతికాడు.

భార్య పెంటమ్మకు ఆ పుస్తకాన్ని చూస్తే ఒళ్లు మంట. "గది పుస్తకం కాదు, నా సవతి. దాని తారీఖులన్నీ నోటికొస్తయి. మన పెండ్లి ఏనాడంటే మాత్రం నవ్వి ఊకుంటడు," అని ఇరుగుపొరుగుతో అనేది. సాంబయ్య అప్పుడూ నవ్వి ఊరుకునేవాడు.

ఈ మార్చి ఇరవై ఐదున బోర్డు మీద 'ఏథెన్సులో ఒలింపిక్స్ మొదలు' అని రాశాడు. ఘనపూర్ నుంచి వచ్చి మేనమామ ఇంట్లో ఉండి చదువుకుంటున్న మౌనిక చూసింది.

"తాతా, గది ఏప్రిల్ ఆరు. ఫోన్ల చూడుండ్రి."

అందరూ ఫోన్లో చూశారు. ఏప్రిల్ ఆరే. అందరి ముందూ తప్పు పట్టడం ఒకటి, తాత అనడం ఇంకొకటి. దాని మీద గ్రంథాలయం చూసుకునే యుగేందర్ "రేపటి సంది బోర్డు మౌనిక రాస్తది. నువ్వు జర ఆరాం తీస్కో సాంబన్నా," అన్నాడు.

మౌనిక రోజుకో సంవత్సరం విశేషం రాసేది, అదీ రంగు సుద్దలతో. పిల్లలు ఫోటోలు తీసుకునేవారు. సాంబయ్య రోజూ వెళ్లి తప్పులు వెతికేవాడు. ఒక్కటి దొరికితే ఒట్టు. ఆ పిల్లను చూసి కుళ్లుకున్నాడు. అవును, కుళ్లే, దానికి ఇంకో పేరు పెట్టి లాభం లేదు. ఆమెకు జ్వరం రావాలని కూడా కోరుకున్నాడు.

కంచంలో అన్నం కెలుకుతుంటే పెంటమ్మ అంది: "మనవరాలంత పొల్లను చూసి మండుతున్నదా? మంచిగైంది. నాకు గా పుస్తకం ఇంట్లకొచ్చినప్పటి సంది మండుతున్నది."

చివరికి పుస్తకం ఆఖరి పేజీలో, ఎన్నడూ చదవని చీమతలకాయ అక్షరాల్లో దొరికింది. గ్రీసులో అప్పటికి పాత క్యాలెండరే నడిచేదట, పన్నెండు రోజులు వెనక. పుస్తకంలో గ్రీసు తేదీలు ఆ లెక్కలోనే వేశారట. అంటే ఆయనా ఒప్పే! సాంబయ్య ఏప్రిల్ ఆరు దాకా ఓపిక పట్టాడు.

ఆ పొద్దున అందరి ముందూ పుస్తకం మౌనిక చేతిలో పెట్టాడు. "సదువు." ఆమె మొహం మాడిపోతే చూడాలని ఆయన ఆశ.

"అరె, రెండూ కరెక్టే! ఎంత మంచిగ దొరకవట్టినవ్ తాతా!" అని ఎగిరి గంతేసి, రెండు తారీఖులూ, కారణమూ ముచ్చటగా బోర్డు మీద రాసేసింది. కింద 'చెప్పినవారు సాంబయ్య తాత' అని పెట్టింది. చప్పట్లన్నీ ఆమెకే. తాను వెతికి తెచ్చిన ముక్కను కూడా ఆ పిల్లే తన్నుకుపోయిందని ఉడికిపోయి, సాంబయ్య పుస్తకం లాక్కుని చంకలో పెట్టుకున్నాడు.

యుగేందర్‌కు జాలేసింది. "అన్నా, రేపటి సంది కింద ఒక వరుస నీది. కాకపోతే గా పుస్తకంల లేనిది రాయి."

దారి పొడవునా సాంబయ్య ఆలోచించాడు. మౌనిక ఫోన్‌లో దొరకనిది, ఎవరూ తప్పు పట్టలేనిది, తన ఒక్కడిదే అయిన తారీఖు కావాలి. ఇంటి దగ్గరికి రాగానే తట్టింది. ఈసారి సారు అనకుండా ఎట్లా ఉంటారో చూస్తాననుకున్నాడు.

పెంటమ్మ వాకిట్లో ఎండుమిర్చి తొడిమెలు తీస్తోంది.

"మన పెండ్లి ఏనాడైందే? తారీఖు చెప్పు. బోర్డు మీద రాస్త."

ఆమె చేతులు ఆగిపోయాయి.

"నన్నడుగుతవేంది?"

"పెండ్లి నీది కాదా?"

"ఎండకాలం. బేస్తారం. గాలిదుమారం లేసి పందిరి కొట్కపోయింది. గంతే ఎరుక. కార్డులు కూడ కొట్టియ్యకపోయిరి." మొగుడి మొహంలోకి చూసింది. "నీకు యాదికున్నదనుకున్న. లోకం తారీఖులన్నీ యాది వెట్టుకున్నోనివి, అది కూడ వెట్టుకునే ఉంటవ్, నన్ను సతాయించనీకే చెప్తలేవనుకున్న. గందుకే నేను యాది పెట్టుకోలే."

సాంబయ్య చంకలో ఉన్న పుస్తకం తీసి అరుగు మీద పెట్టి, ఆమె పక్కన కూర్చుని మిర్చి తొడిమెలు తీయసాగాడు.

"దుమారం వచ్చింది యాదికున్నది," అన్నాడు.

"ఏ ఏడు?" అంది పెంటమ్మ.

సాంబయ్య వేళ్ల మీద లెక్క మొదలుపెట్టి, మధ్యలో తప్పి, మళ్లీ మొదటికొచ్చాడు.